తోటలో పడవ రైడ్: గంటకి 1,200 మంది అంటున్నారు, నిజమేనా?

తోట కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్క. మా బాబాయికి కాలవ గట్టునే మూడెకరాల కొబ్బరితోట ఉంది. కాయ ధర సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఒక్కో దింపుకి కూలి డబ్బులు కూడా రావట్లేదు. అందుకని చెట్లు కొట్టకుండానే తోటలో పిల్లల పార్కు పెడదామని కూర్చున్నాడు. ఉయ్యాలలు, చిన్న రైలు అన్నీ మామూలే. అసలు సరదా అంతా పడవ రైడ్ మీదే. దిండిలో హౌస్‌బోటు లాంటిది కాదండి. చెట్ల మధ్యన సిమెంటు కాలవ కట్టి, నీళ్ల వాలుకి పడవ దానంతటదే గుండ్రంగా తిరిగి రావాలి. ఇంజినూ ఉండదు, తెడ్డూ ఉండదు.

కాలవ పొడవు 200 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, నీటి లోతు 75 సెంటీమీటర్లు. 20 సీట్ల ఫైబర్ పడవలు ఆరు. పడవ పొడవు 6 మీటర్లు, వెడల్పు 1.8. అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితంలో గంటకి 1,200 మంది అని రాసుంది. మా బాబాయి అది పట్టుకుని సంక్రాంతి మూడు రోజులకీ లెక్క కట్టేసుకుని, అప్పు కూడా మాట్లాడేసుకున్నాడు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వెనామీ బాబాయ్:
గంటకి 1,200 మంది వస్తే బళ్లు ఎక్కడ పెడతారు తమ్ముడూ? పక్క తోట కూడా కౌలుకి తీసుకోవాలి.

లెక్కల మాష్టారు:
ముందు ఆ 1,200 ఎక్కడిదో చూద్దాం. 20 సీట్లు, నిమిషానికో పడవ, గంటకి 60 పడవలు. 20 ఇంటూ 60. అంతే, అంతకంటే అందులో ఏమీ లేదు.

ఇప్పుడు నిమిషానికో పడవ వదలగలరా చూడండి. నీళ్లు సెకనుకి అరమీటరు చొప్పున నడిస్తే (పిల్లల రైడ్‌కి అంతకంటే అక్కర్లేదు) 200 మీటర్లు తిరగడానికి 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు. నిమిషానికో పడవ వదలాలంటే ఒక్క ప్రయాణానికే ఏడు పడవలు నీళ్లలో ఉండాలి. మీ దగ్గర ఆరే. ఎక్కించడం, దింపడం ఇంకా కలపనే లేదు. ఆ కాగితం రాసినాయన గుణకారం వరకే చదువుకున్నట్టున్నాడు, భాగహారం దాకా రాలేదు.

రేవు సరంగు:
ఆయ్, మాష్టారూ, బాగా చెప్పారు. కానీ అసలు ఆలస్యం నీళ్లలో ఉండదండి, రేవులో ఉంటుంది.

నేను నరసాపురం, సఖినేటిపల్లి మధ్యన పంటు మీద చాలా ఏళ్లు చేశాను. వశిష్ఠ దాటడానికి పట్టే సేపు ఒకెత్తు, పంటు మీదకి జనాన్నీ మోటారు సైకిళ్లనీ సర్దే సేపు ఒకెత్తు. దిగేవాళ్లు దిగకుండానే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. ఒకాయన చెప్పు జారిపోయిందని వంగుతాడు, వెనకాల పదిమంది ఆగిపోతారు. అందరూ రేవు వైపే నుంచుంటారు, లోపలికి జరగమంటే జరగరు. మీ పడవలో కూడా అదే జరుగుతుంది చూడండి. 20 మందిని దింపడానికి నిమిషం, ఎక్కించడానికి రెండు నిమిషాలు వేసుకోండి. అది కూడా చీర కుచ్చిళ్లు పట్టుకునే పెద్దాళ్లు తక్కువ ఉన్న రోజున.

లెక్కల మాష్టారు:
సరంగు గారి లెక్క పట్టుకుంటే, ఒకే రేవులో దింపి ఎక్కిస్తే పడవకి 3 నిమిషాలు. గంటకి 20 పడవలు. 20 ఇంటూ 20, 400 మంది. ఆరు పడవలు కాదు, అరవై కొన్నా అంతే. మిగతావన్నీ వెనకాల వరసలో జనంతో సహా నీళ్ల మీద ఎదురుచూస్తూ ఉంటాయి.

తోట కుర్రాడు:
అమ్మో. 1,200 కాస్తా 400 అయిపోయిందండి! మా బాబాయికి ఇవాళ చెప్పను, భోంచేయడు.

ఎడారి గోదారోడు:
లేటుగా వచ్చాను, క్షమించాలి. మాది ముమ్మిడివరం. గల్ఫ్‌లో ఒక పెద్ద పార్కులో పదకొండేళ్లు నీటి రైడ్ల మెయింటెనెన్స్ చేశాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సరంగు గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పనిలో కూడా మొదట చూసేది అదే, రెండు పడవల మధ్య ఎన్ని సెకన్లు. సీట్లు ఎన్నున్నాయన్నది తర్వాత. అందుకే పెద్ద పార్కుల్లో దింపే చోటు వేరు, ఎక్కించే చోటు వేరు. పడవ ముందు దింపుడు గట్టు దగ్గర ఖాళీ అయి, నాలుగడుగులు ముందుకెళ్లి ఎక్కుడు గట్టు దగ్గర నిండుతుంది. అప్పుడు మీ 3 నిమిషాలు 2 నిమిషాలవుతాయి. గంటకి 30 పడవలు, 600 మంది. పైసా ఖర్చు లేకుండా సగం పెరిగింది. ఖర్చు లేదని కాదులెండి, ఇంకో గట్టు కట్టాలి.

గట్టు మీద వరసకో గేటు పెడతారు. నాలుగు వరసలుంటే నాలుగు చిన్న గేట్లు. జనం ముందే వాళ్ల గేటు దగ్గర నుంచుంటారు, పడవ రాగానే అన్ని వరసలూ ఒకేసారి నిండుతాయి. ఒకే తలుపులోంచి 20 మందీ బస్సెక్కినట్టు ఎక్కే పడవైతే ఈ లాభం ఉండదు. మీ కాగితంలో బొమ్మ ఉంటే చూడండి, తలుపు ఎక్కడుంది?

ఈ పడవ రైడ్లు గంటకి వేలమందిని తిప్పగలవని లోకానికి గట్టిగా తెలిసింది 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో. డిస్నీ వాళ్లు అక్కడ 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' పెట్టారు. ఆరో డెవలప్‌మెంట్ అనే కంపెనీ నీళ్ల తోపుడుతో నడిచే పడవలు చేసి ఇచ్చింది. అప్పటికి కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో సముద్రపు దొంగల ప్రదర్శన ఒకటి నడిచి చూసేలా కడదామనుకుంటున్నారు. ఫెయిర్‌లో పడవలు జనాన్ని ఎలా లాగేస్తున్నాయో చూశాక దాన్ని కూడా పడవల మీదకి మార్చేశారు. 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' 1967 మార్చిలో మొదలైంది, ఇప్పటికీ తిరుగుతోంది. అంతకుముందు 1955లో పార్కుతోపాటే తెరిచిన 'జంగిల్ క్రూయిజ్' పడవలు మాత్రం వేరే రకం. నీళ్ల అడుగున రైలు పట్టా లాంటిది ఉంటుంది, పడవ దాన్నే పట్టుకుని పోతుంది. పట్టా కనపడకుండా నీళ్లకి రంగు కలుపుతారు.

రేవు సరంగు:
ఆగండాగండి. పట్టా మీద పోతే మరి చుక్కాని ఎవరు పడతారు?

ఎడారి గోదారోడు:
డ్రైవరు టోపీ పెట్టుకుని చక్రం తిప్పుతూ ఉంటాడు గానీ, తిప్పినా తిప్పకపోయినా పడవ వెళ్లేది అటేనండి. వేగం ఒక్కటే ఆయన చేతిలో ఉండేది.

రేవు సరంగు:
రంగు కలిపిన నీళ్లూ, ఉత్తుత్తి చుక్కానీ. దీనికి మళ్లీ టిక్కెట్టు! మా రోజుల్లో రంగు గోదారే కలిపేది, ఆషాఢంలో చూడాల్సిందే.

మోటారు మేస్త్రి:
నీళ్లు నడిపించే సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను రావులపాలెం వైపు మోటార్లు చుట్టే పని చేస్తాను.

2.4 మీటర్ల వెడల్పు, ముప్పావు మీటరు లోతు, సెకనుకి అరమీటరు నడక. అంటే సెకనుకి 900 లీటర్లు. మన భాషలో దగ్గర దగ్గర 32 క్యూసెక్కులు. ఒక పిల్లకాలవ పారేంత నీళ్లు మీ తోటలో రోజంతా తిరుగుతూ ఉండాలి. ఎత్తు మాత్రం పెద్దగా ఎత్తక్కర్లేదు, రాపిడికీ మలుపులకీ కలిపి అరమీటరు అనుకోండి. అప్పుడు 10 హెచ్‌పీ సరిపోతుంది. బోరు మోటారు మాత్రం పెట్టకండి, అది ఎత్తుకి పనికొస్తుంది, రాశికి పనికిరాదు. పంకా లాంటి రెక్కలుండే యాక్సియల్ ఫ్లో పంపు కావాలి, మన మురుగు కాలవల మీద పెడతారే అలాంటిది. కాస్త ఎక్కువే ఉంచుకుని, ఒకటి 15 పెట్టే బదులు రెండు ఏడున్నరలు పెట్టుకోండి. ఒకటి కాలిపోయినా రెండోది నెమ్మదిగానైనా లాక్కొస్తుంది.

పంపు ముందర జల్లెడ ఉండాలి. కొబ్బరితోట కదా, ఈనెలు, పీచు, పూత రాలుతూనే ఉంటాయి. పీచు రెక్కకి చుట్టుకుందంటే తాడు పేనినట్టే పేనుతుంది, షాఫ్టు సీలు కోసేస్తుంది. సీలు పోతే నీళ్లు మోటార్లోకి, మోటారు మా షాపుకి. జల్లెడ రోజుకి రెండుసార్లు దులపాలి, గాలేసిన రోజు నాలుగుసార్లు.

వెనామీ బాబాయ్:
మేస్త్రి గారు కొబ్బరాకు సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. పడవలో పిల్లలు కూర్చుని చెట్ల కింద నుంచి వెళ్తుంటే పైనుంచి కాయ పడితే?

తోట కుర్రాడు:
అయ్యబాబోయ్, ఇది మేమెవరం అనుకోలేదండి! చిన్నప్పటినుంచీ ఆ చెట్ల కిందే ఆడుకున్నాం, ఎవరి నెత్తినా పడలేదు.

ఎడారి గోదారోడు:
మీరు ఇద్దరు పిల్లలు ఆడుకోవడం వేరు తమ్ముడూ, రోజుకి వెయ్యి తలకాయలు అదే చెట్టు కింద నుంచి పోవడం వేరు. కాలవ దారి గీసేటప్పుడే చెట్టు తలకి దూరంగా గీయండి. కుదరని చోట వల కట్టండి. కాయ దింపు ఆలస్యం చేయకండి, ఎండు మట్టలు కూడా ఎప్పటికప్పుడు లాగించేయాలి. మట్ట పడినా చిన్న దెబ్బేం కాదు.

లెక్కల మాష్టారు:
కాలవ దారి అన్నారు కాబట్టి ఇంకో లెక్క. మలుపుల దగ్గర మీ పడవ పడుతుందా అసలు? పొడుగాటి బండి ఇరుకు సందులో తిరిగినప్పుడు మధ్యభాగం లోపలి గోడకీ, మూతీ తోకా బయటి గోడకీ రాసుకుంటాయి కదా. ఎంత అదనపు వెడల్పు కావాలో తెలియాలంటే, పొడవుని పొడవుతో హెచ్చవేసి, మలుపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. చెట్ల మధ్యన మీ మలుపు 6 మీటర్ల వ్యాసార్ధం అనుకుందాం. 6 ఇంటూ 6, 36. కింద 8 ఇంటూ 6, 48. ముప్పావు మీటరు వచ్చింది. పడవ వెడల్పు 1.8కి అది కలిపితే 2.55. మీ కాలవ 2.4.

తోట కుర్రాడు:
అంటే ఇరుక్కుపోతుందా?

లెక్కల మాష్టారు:
మొదటి మలుపులోనే. 15 సెంటీమీటర్లు తక్కువ.

మోటారు మేస్త్రి:
మాష్టారూ, తమరు బడిలో ఇలా చెప్పి ఉంటే నేను తొమ్మిదిలో మానేసేవాణ్ని కాదు.

అత్తిలి అమ్మ:
అందరూ ఎంతమంది పడతారు, ఎంత స్పీడు అనే మాట్లాడుతున్నారు. నేను ఎక్కే మనిషిగా చెప్తాను. పోయినేడాది పిల్లల్ని తీసుకుని ఒక పార్కుకెళ్లాం, పేరు వద్దులెండి. పడవ దిగేటప్పుడు మా అమ్మ కాలు గట్టు మీద పెట్టగానే జర్రున జారింది. గట్టు అంచంతా నాచు. పడవకీ గట్టుకీ మధ్య జానెడు ఖాళీ, కాలు అందులోకి పోయింది. వెనక పడవ వచ్చి ఢీకొనే లోపల ఒకబ్బాయి లాగాడు కాబట్టి మడమ బెణికి ఊరుకుంది. చెప్పుకుందామని ఆఫీసు గదికెళ్తే "చూసుకుని దిగాలి కదమ్మా" అన్నారు. ఆవిడకి అరవై ఆరేళ్లు, ఏం చూసుకుంటుంది?

ఎన్ని పడవలైనా పెట్టుకోండి. గట్టూ, పడవ అంచూ ఒకే ఎత్తులో ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంచు గరుకుగా ఉండాలి. రోజూ పొద్దున్నే చీపురుతో రుద్దాలి.

రేవు సరంగు:
అమ్మా, మీరన్నది బంగారం. పైగా ఒకటుంది. ఖాళీ పడవ ఎత్తుగా తేలుతుంది, నిండిన పడవ కుంగుతుంది. ఎక్కేటప్పుడు ఒక ఎత్తు, దిగేటప్పుడు ఇంకో ఎత్తు. మా పంటుకి అందుకే పలక వేసేవాళ్లం. లైఫ్ జాకెట్లు కూడా మర్చిపోకండి తమ్ముడూ. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. వరద గోదాట్లోంచి ఆ బోటుని ధర్మాడి సత్యం గారి మనుషులు బయటికి లాగేసరికి అక్టోబర్ 22 అయింది. టీవీలో ఆ తాళ్లు లాగడం చూసి నేను రెండ్రోజులు అన్నం తినలేదు.

మోటారు మేస్త్రి:
అది పెద్ద గోదారి సరంగు గారూ, ఇది మోకాటి పైన నీళ్లు. పోలికేంటి?

రేవు సరంగు:
మూడేళ్ల పిల్లకి మోకాటి పైన నీళ్లు ఎంతవరకూ వస్తాయి? బకెట్లో పడి పోయిన పిల్లల్ని ఎరుగుదుం మనం.

ఎడారి గోదారోడు:
సరంగు గారితో సగం ఏకీభవిస్తాను. గోడల మధ్య నడిచే ఇలాంటి రైడ్లలో మామూలుగా జాకెట్లు వేయరు. ఒక్కోటి వేసి బిగించడానికి పట్టే టైముతో మీ రేవు ఇంకా నెమ్మదిస్తుంది. ఆ బదులు చిన్నపిల్లలు పెద్దాళ్ల మధ్యనే కూర్చోవాలి, గట్టెంబడి మనుషులు నిలబడి చూస్తూ ఉండాలి, పడవ ఎక్కడ ఆగినా దిగి నడిచి వచ్చే దారి కాలవ పక్కన పొడుగునా ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఈ దారే దిక్కు.

రేవు సరంగు:
మీ లెక్క మీది. నేనైతే జాకెట్టు లేందే పిల్లని ఎక్కించను.

ఎడారి గోదారోడు:
సరే, అది తోట వాళ్లు తేల్చుకుంటారు. పంపు ఆగితే ఏమవుతుందో మాత్రం చెప్పకుండా ఉండలేను. మా పార్కులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పే కథ ఇదే.

ఆస్ట్రేలియా గోల్డ్‌కోస్ట్‌లో డ్రీమ్‌వరల్డ్ అనే పార్కు. అందులో థండర్ రివర్ ర్యాపిడ్స్ అని గుండ్రటి తెప్పల రైడ్, 1986లో మొదలుపెట్టారు. 2016 అక్టోబర్ 25న రెండు పంపుల్లో ఒకటి ఆగిపోయింది. అదే రోజు అంతకుముందు రెండుసార్లు ఆగింది, మళ్లీ వేసి నడిపారు. మూడోసారి ఆగేసరికి నీటి మట్టం చకచకా పడిపోయింది. ఒక ఖాళీ తెప్ప అడుగున ఉన్న పట్టాల మీద కూర్చుండిపోయింది. తెప్పల్ని మోసుకొచ్చే కన్వేయరు మాత్రం ఆగలేదు, వెనకాల మనుషులున్న తెప్పని తెచ్చి దాన్ని గుద్దించింది. తెప్ప లేచి కన్వేయరులోకి వెళ్లింది. నలుగురు పోయారు. ఇద్దరు పిల్లలు బతికారు.

విచారణలో తేలినవి వింటే ఒళ్లు జలదరిస్తుంది. నీటి మట్టం తగ్గితే దానంతటది ఆపేసే ఏర్పాటే లేదు. గోడ మీద నీళ్ల మురికి గీత చూసి మట్టం అంచనా వేసేవాళ్లు. కన్వేయరుని రెండు సెకన్లలో ఆపే బటన్ ఒకటి ఉంది, అక్కడ నిలబడ్డ ఉద్యోగికి దాని సంగతి సరిగా తెలియదు. పెద్ద ప్యానెల్ మీద బటనేమో ఆపడానికి ఇంకా ఎక్కువ సేపు తీసుకునేది. 2020లో ఆ కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది.

మీది చదును కాలవ, కన్వేయరు లేదు. అంత ప్రమాదం రాదు. అయినా రెండు పెట్టించండి. మట్టం పది సెంటీమీటర్లు పడితే రేవులో ఎర్రదీపం వెలిగి పడవలు వదలకుండా ఆపే ఫ్లోట్ స్విచ్ ఒకటి, మేస్త్రి గారు మీ ఓవర్‌హెడ్ ట్యాంకుకి పెట్టేదే. రేవులో ఉండే ప్రతి మనిషికీ అందేలా ఎర్ర బటన్ రెండోది. పంపు ఒకసారి ట్రిప్ అయితే ఎందుకయిందో తెలిసేదాకా మళ్లీ వేయకూడదు.

మోటారు మేస్త్రి:
ఆఖరి మాటకి దండం. ట్రిప్ అయిన స్టార్టరుని మళ్లీ మళ్లీ నొక్కడం మన జిల్లాలో ప్రతి రైతూ చేసే పనే. అగ్గిపుల్ల పెట్టి రిలే నొక్కిపట్టి ఉంచినవాళ్లని చూశాను.

వెనామీ బాబాయ్:
నవ్వింది చాలు, నీళ్ల సంగతి నేను చెప్తాను. అందులో నాకు డబ్బులు పోయిన అనుభవం ఉంది.

200 ఇంటూ 2.4 ఇంటూ 0.75. 360 ఘనపు మీటర్లు, 3 లక్షల 60 వేల లీటర్లు. అరెకరం చెరువులో మూడో వంతు కూడా కాదు. నీళ్లు ఎక్కడివి? కాలవ నీళ్లంటే వేసవిలో కాలవలు కట్టేస్తారు, సరిగ్గా పిల్లల సెలవులప్పుడే. పైగా ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకుండా తోడకండి. వరదప్పుడు వచ్చే నీళ్లలో ఒండ్రు, గుర్రపుడెక్క. మీ వైపు బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. ఉప్పునీళ్లు ఫైబర్‌ని ఏమీ చేయవు గానీ బోల్టులూ బేరింగులూ తినేస్తాయి. కాబట్టి వర్షాకాలం చివర్లో కాలవ తేరుకున్నాక ఒకసారి నింపుకుని, వడబోస్తూ దాచుకోవడమే.

నిలవ నీళ్లలో మూడు రోజులకి పచ్చదనం వస్తుంది, మా చెరువుల్లో అయితే అదే కావాలని యూరియా వేస్తాం. మీకేమో వద్దు. క్లోరిన్ వేయాలి, అది ఎండకి ఎగిరిపోతుంది. పొద్దున్నే వేస్తే మధ్యాహ్నానికి ఉండదు, సాయంత్రం వేయండి. రోజూ చుక్కల కిట్టుతో చూసుకోండి. దోమలకని గంబూసియా చేపలు వదులుదామని మీ బాబాయి అంటాడు చూడు, క్లోరిన్ వేసిన నీళ్లలో అవి తెల్లారేసరికి తేలతాయి.

తోట కుర్రాడు:
నిన్ననే అన్నాడండి! చేపలు తెచ్చే మనిషితో కూడా మాట్లాడాడు.

ఎడారి గోదారోడు:
పెద్ద పార్కుల్లో చీకటి గదుల్లో నడిచే పడవ రైడ్లకి బ్రోమిన్ వాడతారు. ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, ఆ రైడ్‌కి వచ్చేశామని జనం గుర్తుపడతారు. ఎండలో అది ఇంకా త్వరగా పోతుంది కాబట్టి మీకు క్లోరినే.

ఇక పడవలు. ఫైబర్ పడవ గోడలకి రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి పక్కన రబ్బరు చక్రాలుంటాయి. ఆ చక్రం అరిగితే గోడ ఫైబర్‌ని తింటుంది. అప్పుడు మ్యాట్ వేసి రెసిన్ పూసి మాసిక వేస్తారు. ఏడాదికి పది మాసికలు. ప్రతి మాసికా కిలోల్లో బరువు. అడుగున పెచ్చు లేచిన చోట నీళ్లు పీల్చుకుంటుంది, అదింకో బరువు. మేము ఆఫ్-సీజన్‌లో ఒక్కో పడవనీ క్రేను తక్కెడకి తగిలించి తూచేవాళ్లం. అన్నీ ఒకే అచ్చులో పోసినవే. ఏడేళ్లయ్యాక ఒకటి మిగతావాటికంటే 90 కిలోలు ఎక్కువ తూగింది. పైకి ఏమీ తెలియదు, కొత్త రంగుతో మెరుస్తోంది. అడుగున డ్రిల్లుతో చిన్న బెజ్జం వేస్తే పది నిమిషాలపాటు నీళ్లు కారుతూనే ఉన్నాయి, చింతపండు పులుసు రంగులో.

90 కిలోలు ఎంత కుంగుతుందో మాష్టారు చెప్తారు.

లెక్కల మాష్టారు:
అడుగు చదునైతే, నీళ్ల మీద ఒక చదరపు మీటరు పరుచుకున్న పడవ ఒక సెంటీమీటరు కుంగడానికి 10 కిలోలు కావాలి. మీ 6 మీటర్లది కాకుండా చిన్న పడవ అనుకుందాం, 3.5 ఇంటూ 1.5 అయితే ఐదుంపావు చదరపు మీటర్లు, సెంటీమీటరుకి 52 కిలోలు. 90 కిలోలంటే రెండు సెంటీమీటర్లకి తక్కువ. వినడానికి చిన్నదే, కానీ అందరూ ఒకవైపు వంగినప్పుడు ఆ రెండే అంచు మునిగేదీ లేనిదీ తేలుస్తాయి.

ఎడారి గోదారోడు:
మనుషులు కూడా బరువెక్కుతున్నారు మాష్టారూ. అమెరికా కోస్ట్ గార్డ్ పడవల లెక్కకి మనిషి సగటు బరువు పాతరోజుల్లో 160 పౌండ్లు పట్టుకునేది, అంటే 72 కిలోల పైచిలుకు. 2011 డిసెంబర్ నుంచి దాన్ని 185 పౌండ్లు చేసింది, దగ్గర దగ్గర 84 కిలోలు. పడవ అదే, సీట్లు అవే, ఎక్కించే మంది మాత్రం తగ్గాలి. మనవాళ్లకి 65 వేసుకుంటారేమో, సంక్రాంతి మూడు రోజులూ అరిసెలూ పూతరేకులూ తిన్నాక వచ్చేవాళ్లకి ఇంకో రెండు కిలోలు కలుపుకోండి.

తోట కుర్రాడు:
నాలుగు రోజులు కనపడలేదని తిట్టుకోకండి. ఒక పని చేశాను.

మొన్న మా ఇంట్లో ఓణీల ఫంక్షను. భోజనాలయ్యాక పెద్ద వసారాలో సుద్దముక్కతో 6 మీటర్లు ఇంటూ 1.8 పడవ గీశాను. లోపల 20 ప్లాస్టిక్ కుర్చీలు ఇరుకుగా సర్ది, ఒక పక్క తలుపు గీశాను. చుట్టాల్లోంచి చిన్నా పెద్దా 20 మందిని పిలిచి, ఫోనులో టైము పెట్టి ఎక్కమన్నాను. అందరూ నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశారు. 2 నిమిషాల 50 సెకన్లు! నీళ్లు లేకుండా, పడవ ఊగకుండా. మా నాయనమ్మ తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంది, లోపలికి జరగవే అంటే "దిగేటప్పుడు ముందు నేనే దిగుతాగా" అంది. ఆవిణ్ని దాటుకుని పదిమంది వెళ్లారు. సరంగు గారూ, మీరే గుర్తొచ్చారు.

తర్వాత 3.5 ఇంటూ 1.5 గీశాను. రెండు వరసలు, వరసకి నలుగురు, ప్రతి వరసకీ గట్టు వైపు దారి. ఎనిమిది మంది. మూడుసార్లు చేశాం. 41, 38, 44 సెకన్లు. మూడోసారి మా నాయనమ్మ మళ్లీ ఎక్కింది.

మా బాబాయి కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. రాత్రి మాత్రం కాగితం అడిగాడు.

లెక్కల మాష్టారు:
శభాష్. దింపేది వేరే గట్టు మీద అనుకుని 45 సెకన్లకో పడవ వేసుకో. గంటకి 80 పడవలు, 640 సీట్లు. ముగ్గురున్న కుటుంబం నలుగురి వరసలో కూర్చుంటుంది కాబట్టి ఐదింట నాలుగొంతులే నిండుతాయి. 510 మంది దాకా. 20 సీట్ల పడవకి రెండు గట్లు కట్టినా 600 సీట్లలో 480 దాకానే వచ్చేది, నీ నాయనమ్మ టైము వేస్తే ఇంకా తక్కువ. కాకపోతే చిన్న పడవలు 11 తిరుగుతూ ఉండాలి, ఒకటో రెండో మాసికల్లో ఉంటాయి కాబట్టి 13 కొనాలి. మలుపు కూడా చూశాను. 3.5 మీటర్ల పడవకి అదనంగా కావాల్సింది పావు మీటరు పైచిలుకే. హాయిగా తిరుగుతుంది.

మోటారు మేస్త్రి:
13 పడవలకి పక్క చక్రాలు, పడవకి నాలుగైనా 52. ముందే అరడజను స్పేరు కొనుక్కుని గూట్లో పెట్టుకో. సంక్రాంతి రోజు ఏ షాపూ తెరవడు.

అత్తిలి అమ్మ:
ఇంతకీ గట్టు ఎంత ఎత్తు పెడుతున్నారు?

తోట కుర్రాడు:
అదేనండి ఇప్పుడు గొడవ. ఖాళీ పడవ అంచుకి సమానంగా పెడదామంటాడు తాపీ మేస్త్రి, నిండిన పడవకి సమానంగా అంటాడు బాబాయి. ఎనిమిది మంది పెద్దాళ్లు ఎక్కితే మాష్టారి లెక్కన పది సెంటీమీటర్లు కుంగుతుంది. మధ్యలో కడితే ఎక్కేటప్పుడు ఐదు పైకి, దిగేటప్పుడు ఐదు పైకి. సరంగు గారూ, పంటుకి వేసే ఆ పలక ఏ చెక్కతో చేసేవారు?

రేవు సరంగు:
మద్ది. తడిస్తే జారకుండా అడ్డంగా బద్దలు కొట్టేవాళ్లం, జానెడుకొకటి. మేకు తల పైకి లేవకూడదు చూసుకో, చీరంచు పట్టుకుంటుంది.